ఈల పట్టినవాని ధర్మము

(బాలుర ఫుట్‌బాల్ ఆటలో రిఫరీ నడవడిని గూర్చిన పాఠము)

బాలునకు చట్టమనునది మొట్టమొదట పుస్తకములో కానరాదు, ఆటస్థలములో కనబడును. అచ్చట హద్దుగీతలు కలవు, నియమములు కలవు, నియమము తప్పినవానికి దండనము కలదు. ఆ దండనమును విధించువాడొకడు ఈల పట్టుకొని నడుమ నిలిచియుండును. న్యాయస్థానము, న్యాయాధిపతి, వాది, ప్రతివాది అను మాటలను సాంఘికశాస్త్రములో చదువుటకు ఎంతో ముందే మన పిల్లలు వాని నన్నిటిని మైదానములో అనుభవించుచున్నారు. ఈల పట్టినవాడు ధర్మముగ నడచుకొన్నచో, లోకములో న్యాయమున్నదను నమ్మకము బాలుని మనస్సున నాటుకొనును. అతడు ధర్మము తప్పినచో, నోరు పెద్దదైనవానిదే గెలుపను దుర్బోధ నాటుకొనును. రెండవది ఒకసారి నాటుకొన్నచో పెరికివేయుట కష్టము.

మనది సరిహద్దు సీమ. తుంగభద్ర ఒడ్డున వరి కోసిన మడులలో బంతి తన్నుకొను పిల్లలలో ఇంట తెలుగు మాటాడువారు, కన్నడము మాటాడువారు, ఉర్దూ మాటాడువారు కలసియే యుందురు. ఆ మడిలో వారికి ఏ చిక్కును లేదు. కాని పాఠశాల పేరుతో, రంగుచొక్కాలు తొడిగి, తాలూకా పోటీకి పోయినప్పుడు తెలుగు మాధ్యమము, కన్నడ మాధ్యమము అను భేదము మైదానములోనికి వచ్చును. అచ్చట ఈల పట్టువారు తఱచుగా ఏదో యొక పాఠశాల వ్యాయామోపాధ్యాయులే. అట్టి చోట రిఫరీ నడవడి ఎట్లుండవలెను? ఆడువారు, చూచువారు ఎట్లు నడచుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకే మేము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. మాటలో దాగిన అర్థము

ముందుగా పదమును విచారింతము. రిఫరీ యను ఆంగ్లపదమునకు, తీరని తగవు ఎవనికి నివేదింపబడునో ఆతడు అని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు పాఠశాలలలో ఈ ఆట పెరుగుచున్న దినములలో రిఫరీ యనువాడే లేడు. ఇరుపక్షముల నాయకులు తమలో తామే తగవులు తీర్చుకొనెడివారు. పిమ్మట పక్షమునకొక అంపైరు ఏర్పడెను. ఆ యిరువురికి మాట కుదరనప్పుడు మాత్రము గీత వెలుపల నున్న మూడవవానిని అడిగెడివారు. ఆ మూడవవాడే రిఫరీ. 1891వ సంవత్సరమున అతనిని మైదానము లోపలికి తెచ్చి, అధికారమంతయు అతని చేతికిచ్చిరి. అంపైరులు గీతలకడకు పోయి లైన్స్‌మెన్ అయిరి. ఆ యేడే పెనాల్టీ కిక్కు కూడ నియమములలో చేరెను. నాయకుల పెద్దరికముమీద నడచిన ఆటకు ఈల, దండనము రెండును అవసరమైనవన్నమాట.

మన భాషలో ఈ పనివానికి మధ్యస్థుడని పేరు. మధ్యమున నిలుచువాడని అర్థము. అంతకంటె సొంపైన తెలుగుమాట మరియొకటి కలదు, అది తగవరి. తగు అను ధాతువునుండి పుట్టిన తగవు అను పదమునకు నేడు మనము జగడమను అర్థమునే వాడుచున్నాము. పూర్వమున దానికి న్యాయము, ఉచితము అను అర్థము కూడ ప్రసిద్ధము. తగవరి యనగా న్యాయము చెప్పువాడు. ఒకే మాటలో జగడము, న్యాయము రెండును ఇమిడియుండుట చూడుడు. ఆటలో పుట్టిన జగడమును న్యాయముగా మార్చువాడే తగవరి. న్యాయమును జగడముగా మార్చువాడు ఆ పేరునకు తగడు.

2. అధికారము, దాని హద్దు

ఫుట్‌బాల్ ఆటకు పదునేడు నియమములు కలవు. వానిని కాపాడుచు వచ్చునది 1886లో ఏర్పడిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘ మండలి. ఆ నియమములలో అయిదవది రిఫరీని గూర్చినది. ఆటకు సంబంధించిన సంగతులయందు, గోలు పడినదా లేదా అను విషయముతో సహా, అతని నిర్ణయమే తుది నిర్ణయమని అది చెప్పుచున్నది. అయితే నిర్ణయములు నియమములను, ఆటలోని అంతర్భావమును అనుసరించియే యుండవలెనని కూడ అదే చెప్పుచున్నది.

నిర్ణయము తుదిది కావలసినదెందుకు? రిఫరీ సర్వజ్ఞుడని కాదు. పొరపాటు పడని రిఫరీ పుట్టలేదు. ఒక్కొక్క ఈలకు ఒక్కొక్క వాదము మొదలైనచో ఆటయే సాగదు. ఆట సాగుటకై ఇరుపక్షములును ముందుగానే చేసికొన్న ఒడంబడిక అది. ఇందు మరియొక సూక్ష్మమున్నది. తన నిర్ణయము తప్పని గ్రహించినచో, ఆట మరల ప్రారంభము కాకమునుపు దానిని మార్చుకొనుటకు రిఫరీకి నియమమే అవకాశమిచ్చుచున్నది. ప్రారంభమైన పిమ్మట వీలులేదు. కనుక పొరపాటును దిద్దుకొనుట రిఫరీకి చిన్నతనము కాదు. అది అతని విధిలోని భాగము. పిల్లల యెదుట ఒక పెద్దవాడు, "నేను సరిగా చూడలేదు, బంతి మీదే" అని చెప్పి నిర్ణయమును మార్చుకొన్నచో, ఆ పిల్లలకు అంతకు మించిన నీతిపాఠము ఏ పుస్తకమును చెప్పజాలదు.

అధికారమునకు హద్దు కూడ ఇచ్చటనే తెలియుచున్నది. రిఫరీ దండింపవలసినది చేసిన పనిని. చేసిన బాలుని పుట్టుకనో, భాషనో, బీదతనమునో కాదు. ఫ్రీకిక్కు, హెచ్చరిక, బహిష్కారము అని నియమము కొన్ని దండనములను ఏర్పరచినది. చెవి మెలిపెట్టుట, చెంపపెట్టు, గుంజీలు, పదిమందిలో వెక్కిరింత అనునవి ఆ పట్టికలో లేవు. మన దేశమున 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తన పదునేడవ సెక్షనులో బాలలను శారీరకముగ దండించుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. ఆ చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్లవారిని గూర్చినదే యైనను, పదునైదవ యేడు రాగానే బాలుని మనస్సు రాయి కాదుగదా! పాఠశాల గోడ దాటి మైదానములో అడుగిడగానే ఉపాధ్యాయుని ధర్మము మారిపోదు.

3. రంగు కార్డులు ఎందుకు పుట్టినవి?

రిఫరీ చేతిలోని పసుపు, ఎఱ్ఱ కార్డులను మన పిల్లలందరు ఎరుగుదురు. అవి భాషాభేదము వలన పుట్టినవని ఎరిగినవారు తక్కువ. రెండు మూడు భాషల నడుమ పెరుగుచున్న మనకు ఆ కథ తప్పక తెలియవలెను.

1966 జూలై 23వ తేదీన లండన్ నగరమందలి వెంబ్లీ మైదానమున ప్రపంచకప్ పోటీలో ఇంగ్లండు, అర్జెంటీనా జట్లు తలపడెను. రిఫరీ జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ క్రైట్లైన్. అతడు అర్జెంటీనా నాయకుడైన ఆంటోనియో రాటీన్‌ను ఆటనుండి వెడలిపొమ్మనెను. రిఫరీకి స్పానిష్ భాష రాదు. నాయకునికి జర్మను భాష రాదు. తాను దుబాసిని కోరితినని నాయకుడు తరువాత చెప్పుకొనెను. అతడు కొన్ని నిమిషములపాటు మైదానము విడువలేదు, ఆట నిలిచిపోయెను. అంతేకాదు. అదే ఆటలో హెచ్చరింపబడిన ఆంగ్ల ఆటగాండ్రకు ఆ సంగతి పత్రికలలో చూచినంతవరకు తెలియకపోయెను.

అప్పుడు రిఫరీల వ్యవహారములు చూచుచున్నవాడు కెన్ ఆస్టన్ అను ఆంగ్లేయుడు. ఇతడు వృత్తిచేత బడిపంతులు, ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఆయన కారులో పోవుచుండగా కూడలిలోని పసుపు, ఎఱ్ఱ దీపములను చూచెను. "పసుపు: జాగ్రత్త; ఎఱుపు: ఆగుము. ఏ దేశమువానికైనను ఇది తెలియునుగదా!" అను ఆలోచన ఆయనకు కలిగెను. 1970లో మెక్సికోలో జరిగిన ప్రపంచకప్ పోటీలలో ఆ కార్డులు మొదటిసారిగా ఉపయోగింపబడెను.

ఈ కథనుండి గ్రహింపవలసినదేమి? నిర్ణయము న్యాయమైనదే కావచ్చును; కాని అది ఎవనిమీద పడినదో వానికి అర్థము కాకున్నచో అన్యాయముగనే తోచును. న్యాయము చేయుట ఎంత ముఖ్యమో, దానిని తెలియజెప్పుట అంత ముఖ్యము. అయితే కార్డు పనిలో సగమే చేయును. "నీకు దండనము పడినది" అని చెప్పునే గాని, "ఎందుకు పడినది" అని చెప్పదు. పెద్దలకు ఆ సగము చాలును. వారికి నియమములు తెలియును. ఆట నేర్చుకొనుచున్న పన్నెండేండ్ల బాలునకు ఆ సగము చాలదు. బాలుర రిఫరీ ఆ రెండవ సగమును తన నోటితో పూర్తిచేయవలెను.

4. బాలునికొక కొలత, పెద్దకొక కొలత

పిల్లలు చిన్న కొలతలో నున్న పెద్దలు కారు. ఈ సత్యమును ఆట నియమములే అంగీకరించినవి. బాలుర పోటీలలో మైదానపు కొలతను, బంతి పరిమాణమును, బరువును, గోలు స్తంభముల ఎత్తును, వెడల్పును, ఆటకాలమును తగ్గించుకొనుటకు ఆయా దేశముల సంఘములకు అధికారము కలదు. బయటకు పంపిన ఆటగానిని మరల లోనికి తీసికొనుటకు కూడ అనుమతి కలదు. 2017లో మరియొక మంచి మార్పు వచ్చెను. పసుపు కార్డు చూపవలసిన తప్పునకు బాలుని కొంతసేపు మాత్రమే బయట కూర్చుండబెట్టి మరల ఆడనిచ్చు పద్ధతిని బాలుర ఆటలయందు అనుమతించిరి. ఆ కొంతసేపు మొత్తము ఆటకాలములో పది మొదలు పదునైదు శాతము వరకు. అనగా అరువది నిమిషముల ఆటలో ఆరు మొదలు తొమ్మిది నిమిషములు. కోపము చల్లారుటకు అది చాలును. ఆట మీద ఆశ చచ్చుటకు అది చాలదు.

నియమమును బోధనకు సాధనముగ మలచుకొనుట మన తెలుగునాటి ఆటకు కొత్త కాదు. హైదరాబాదు నివాసియైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963) మొదట ఉపాధ్యాయుడు. పిమ్మట హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును శిక్షకుడాయెను. ఆయన శిక్షణలో మన దేశము 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకమును గెలుచుకొనెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందెను. ఈయన యువకుల కొఱకు ప్రత్యేక నియమములతో పోటీలు నడపెను. బంతిని తన కాలియొద్దనే త్రిప్పుకొనుచు పోరాదు, వెంటనే తోడివానికి అందింపవలెను అనునది అందులో నొకటి. ఏ లోపమును దిద్దవలెనో దానికి తగిన నియమమును కల్పించుట బడిపంతులు చేయు పని. ఆయన దానిని మైదానములో చేసెను.

పాదరక్షల సంగతి చూడుడు. నియమము ప్రకారము ఆటగాడు బూట్లు, మేజోళ్లు, కాలిపిక్కకు అడ్డుపలక ధరింపవలెను. మన పిల్లలలో పెక్కురు ఒట్టికాళ్లతో ఆడువారే. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. 1948 లండన్ ఒలింపిక్సులో ఫ్రాన్సుతో ఆడిన మన దేశపు జట్టులోనే పెక్కురు ఒట్టికాళ్లతో ఆడిరి. అయితే ఒక జట్టు మేకుల బూట్లతోను, మరియొక జట్టు ఒట్టికాళ్లతోను తలపడుట అపాయకరము. బాలుర రిఫరీ ఆటకు ముందే ఇరుజట్ల పాదములను చూడవలెను. బూట్లు లేని బాలుని, "బీదవాడవు, ఎందుకు వచ్చితివి?" అన్నట్లు వెనుకకు పంపరాదు. ఇరుపక్షముల ఉపాధ్యాయులను పిలిచి, ఇద్దరికి సమానమైన ఏర్పాటు చేయవలెను.

5. ఒక ఉదాహరణము

ఒక సందర్భము ఊహింతము. తెలుగు మాధ్యమ పాఠశాల బాలుడు గీత వెలుపలినుండి బంతిని లోనికి విసరుచున్నాడు. రెండు పాదములు నేలను తాకియుండవలెను, బంతిని రెండు చేతులతో తలవెనుకనుండి తలమీదుగా విసరవలెను అని నియమము. బాలుడు తొందరలో ఒక కాలు ఎత్తెను. రిఫరీ ఈల ఊది బంతిని ఎదుటి జట్టునకిచ్చెను. నిర్ణయము సరియైనదే. బాలునకు మాత్రము కారణము తెలియలేదు. "ఏమి సార్?" అని అడిగెను.

ఒక రిఫరీ, "ఆట రానివాడవు ఎందుకు దిగితివిరా?" అని గద్దించును. బాలుడు తలవంచుకొని పోవును. మరల బంతి విసరవలసినప్పుడు వెనుకంజ వేయును. తప్పేమో అప్పటికిని తెలియదు. "మనవాడు కాడని ఇట్లు చేసెను" అని ఒడ్డున నున్నవాడొకడు అనగానే దానిని నమ్మును.

మరియొక రిఫరీ ఒక్క అడుగు దగ్గరకు వచ్చి, తన మడమ ఎత్తి చూపి, "కాలు లేచినది, నాయనా, రెండు కాళ్లును నేలమీద" అని చెప్పి వెంటనే ఆట సాగించును. దీనికి పట్టినది మూడు నాలుగు క్షణములు. నిర్ణయము మారలేదు; బంతి ఎదుటివారిదే. అయినను బాలుడు ఒక నియమము నేర్చెను, తనకు అన్యాయము జరుగలేదని తెలిసికొనెను. రెండు చోట్లను ఈల ఒక్కటే. భేదమంతయు ఈల తరువాతి మాటలో కలదు.

6. రెండు భాషల నడుమ

మన వంటి చోట రిఫరీకి ఇంకొక విధి చేరుచున్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింపవలెనని మన రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేరినది. బాలుడు తనకు తెలిసిన భాషలో విన్నదే చక్కగ గ్రహించునను సత్యము దానికి మూలము. ఆ సత్యము తరగతిగదిలో ఒక విధముగ, మైదానములో మరియొక విధముగ ఉండదు.

రిఫరీ రెండు భాషలలో పండితుడు కానక్కరలేదు. ఆటకు ముందు ఇరుజట్లను ఒక్కచోట నిలిపి, ముఖ్యనియమములను రెండు భాషలలోను చెప్పించిన చాలును. తనకు రాని భాష కొఱకు ఒక ఉపాధ్యాయుని సాయము కోరవచ్చును. ఒక జట్టుతో ఒక భాషలో నవ్వుచు ముచ్చటించి, రెండవ జట్టుతో సైగలతో సరిపెట్టుట కూడదు. అది పక్షపాతము కాకపోయినను పక్షపాతమువలె కనబడును. తీరము నుండి చూచు తల్లిదండ్రులకు మాటలు వినబడవు. నవ్వులు, విసుగులు మాత్రము కనబడును.

నిజమునకు మన రెండు భాషలు ఈ పనికి ఎంతో అనుకూలముగ నున్నవి. తెలుగువాడు తప్పు అనునది కన్నడిగునకును తప్పే. తెలుగువాడు సరి అనునది కన్నడిగునకును సరియే. మనము కాలు అనుచున్నదానిని వారును కాలనియే అందురు. మన నేల వారికి నెల. మన చేయి వారికి కై. పది పన్నెండు మాటలు నేర్చుకొన్న రిఫరీ ఈ సీమలో ఏ బాలునకైనను కారణము చెప్పగలడు. తప్పునకు, సరికి ఒక్కటే మాటలు గల రెండు జాతుల పిల్లలు ఒకరి న్యాయమును మరియొకరు శంకించుట వింతగదా!

7. ఆటగాండ్రు, తల్లిదండ్రులు

రిఫరీ ధర్మమును చెప్పి ఊరకుండుట ఒంటిచేతి చప్పట్లవంటిది. రెండవ చేయి మనది.

బాలబాలికలారా! నిర్ణయము మీకు ప్రతికూలమైనప్పుడు మీ నాయకుడొక్కడే రిఫరీ దగ్గరకు పోయి మర్యాదతో కారణము అడుగవలెను. 2024లో జర్మనీలో జరిగిన ఐరోపా దేశముల పోటీలలో మేటి ఆటగాండ్రకే ఈ పద్ధతిని విధించిరి. పదకొండుమంది చుట్టుముట్టి అరచినచో ఎవని మాటయు వినబడదు. అడుగుట మీ హక్కు; దూషించుట హక్కు కాదు. ఆడపిల్లలకు ప్రత్యేకముగ ఒక మాట. ఈల మగవారి సొత్తు కాదు. 2017లో మన దేశమున జరిగిన పదునేడేండ్ల లోపు బాలుర ప్రపంచకప్ పోటీలలో, కలకత్తా మైదానమున జపాన్, న్యూ కలెడోనియా జట్ల ఆటకు స్విట్జర్లాండు దేశపు ఎస్తర్ ష్టౌబ్లీ రిఫరీగా నుండెను. అంతర్జాతీయ సమాఖ్య నడపు పురుషుల పోటీలో ఒక స్త్రీ రిఫరీగా నిలుచుట అదియే మొదటిసారి.

తల్లిదండ్రులారా! ఓడివచ్చిన బిడ్డతో, "తెలుగువారమనియే ఓడించిరి" అని తొందరపడి అనకుడు. ఎన్నడును అట్లు జరుగదని మేము చెప్పుట లేదు. జరిగినచో దానికి మార్గమున్నది: నాయకుడు, ఉపాధ్యాయుడు, ప్రధానోపాధ్యాయుడు, పోటీ నడపు సంఘము అను వరుసలో వ్రాతమూలకముగ నివేదింపవచ్చును. ప్రతి ఓటమికి అదే కారణమని నేర్పినచో బిడ్డ తన లోపమును ఎన్నటికిని దిద్దుకొనడు. నిజముగ అన్యాయము జరిగిననాడు అతని మాటను ఎవరును నమ్మరు. అల్పసంఖ్యాకుల పిల్లలకు ఈ రెండు నష్టములు కలుగకుండ చూచుట పెద్దల బాధ్యత.

ఒడ్డునుండి విసరిన మాట ఎంత దూరము పోవునో తెలుపు దుర్ఘటన యొకటి నెదర్లాండ్స్ దేశమున జరిగెను. 2012 డిసెంబరులో ఆల్మేర్ అను పట్టణమున బాలుర ఫుట్‌బాల్ ఆట ముగియగనే, ఎదుటి జట్టువారిలో కొందరు లైన్స్‌మన్‌పై పడి కొట్టిరి. ఆతడు జీతము పుచ్చుకొనక, తన కుమారుడు ఆడుచున్న ఆటకు సాయపడవచ్చిన తండ్రి. మరునాడు అతడు మరణించెను. 2013లో ఆరుగురు పిన్నవయస్కులకు, వారిలో ఒకని తండ్రికి న్యాయస్థానము శిక్ష విధించెను. ఒక్క ఆట వలన ఎన్ని కుటుంబములు కూలిపోయెనో లెక్కించుకొనుడు. రిఫరీని అవమానించుట చిన్న విషయమని తలచువారు ఈ సంగతిని మరువరాదు.

8. ఈల లేని ఆట

మరణమునుండియే ఒక మంచి కూడ పుట్టిన చోటు కలదు. 1994లో దక్షిణ అమెరికా ఖండమందలి కొలంబియా దేశపు ఆటగాడైన ఆండ్రెస్ ఎస్కోబార్ ప్రపంచకప్ ఆటలో పొరపాటున తన గోలులోనికే బంతిని పంపెను. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట మెడెయిన్ నగరమున దుండగులు అతనిని కాల్చిచంపిరి. తరువాత అదే నగరమున, హింస నడుమ పెరుగుచున్న పిల్లల కొఱకు కొందరు ఒక కొత్త పద్ధతిని నెలకొల్పిరి. దానిలో రిఫరీ లేడు. ఆటకు ముందు ఇరుజట్లు కూర్చుండి నియమములు ఏర్పరచుకొనును. ఆడునప్పుడు ఎవరి తప్పు వారే ఒప్పుకొనవలెను. ఆట ముగిసిన పిమ్మట మరల కూర్చుండి, ఎవరు మర్యాదగ నడచుకొన్నారో చర్చించి గుణములు వేసికొందురు. చర్చ కుదరనప్పుడు తోడ్పడుటకు ఒక మధ్యవర్తి మాత్రముండును. మన దేశమున నాగపురమందు 2001లో ప్రారంభమైన స్లమ్ సాకర్ అను సంస్థ ఈ పద్ధతిని బీదపిల్లల నడుమ వాడినది.

పోటీలలో దీనిని వాడుట కుదరదు, సాధనలో వాడవచ్చును. వారమునకొకనాడు మన పాఠశాల మైదానమున ఈల లేని ఆట ఆడింపవచ్చును. మరియొకనాడు తొమ్మిదవ తరగతివారి చేతికి ఈల ఇచ్చి ఆరవ తరగతివారి ఆటకు రిఫరీగా నిలుపవచ్చును. ఈల పట్టినవానికి, అన్ని దిక్కులను ఒక్కసారి చూచుట ఎంత కష్టమో పది నిమిషములలో తెలియును. అటుపిమ్మట అతడు రిఫరీని దూషించుటకు వెనుకాడును.

9. ముగింపు

ఈ విచారమంతయు ఒక చిన్న ఆటకొఱకేనా అని ఎవరైనను అడుగవచ్చును. మన బళ్లారి జిల్లాలోనే, తోరణగల్లు సమీపమున విజయనగరమునందు బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బువారు బాలుర కొఱకు వసతితో కూడిన శిక్షణాలయమును నెలకొల్పిరి. 1960లో ప్రారంభమైన సుబ్రతో ముఖర్జీ కప్పు పోటీలు పాఠశాలల జట్లను ఢిల్లీ వరకు కొనిపోయినవి. తాలూకా మైదానములోని ఒక ఈల ఒక బాలునకు ఆ త్రోవను తెరువవచ్చును, మూయవచ్చును. అంతకంటె పెద్ద సంగతి మరియొకటి. ఆడువారిలో నూటికి తొంబదితొమ్మండుగురు మేటి ఆటగాండ్రు కారు; రైతులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, పంచాయతీ సభ్యులు అగుదురు. రేపు వారి యెదుటకు నీటి తగవులు, గట్టు తగవులు వచ్చును. అప్పుడు వారు కారణము చెప్పి తీర్పు చెప్పుదురా, కసిరి తీర్పు చెప్పుదురా అనునది నేడు వారికి తీర్పు చెప్పినవారినుండి నేర్చుకొన్నదానిమీద ఆధారపడియుండును.

అభ్యాసము

1. తగవు, తగవరి అను పదముల అర్థములను వివరింపుడు. నేటి వాడుకలో తగవు అను పదమునకు ఏ అర్థము మిగిలినది?

2. పసుపు, ఎఱ్ఱ కార్డులు ఎట్లు పుట్టినవి? బాలుర ఆటలో అవి మాత్రమే ఏల చాలవు?

3. ఆట మరల ప్రారంభము కాకమునుపు రిఫరీ తన నిర్ణయమును మార్చుకొనుట గౌరవమా, లోపమా? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.

4. ఆటలో వాడదగిన పది తెలుగు మాటలను, వానికి సరియైన కన్నడ మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి, రెండు భాషలలోను ఒక్కటిగ నున్నవానిని గుర్తింపుడు.

5. మీ తరగతి ఆటకు మీరే రిఫరీగా నుండి, ఆట ముగిసిన పిమ్మట మీ నిర్ణయములలో ఏది కష్టమైనదో, దానికి కారణమును ఆటగాండ్రకు ఎట్లు చెప్పితిరో పదిపంక్తులలో వ్రాయుడు.